మిల్లీమీటర్ల నుంచి మోటారు గంటల దాకా: పైరు నీటి లెక్కపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒక్కటే. కంప్యూటర్ మోడల్‌లో వివరాలు నింపాం, అంకె వచ్చింది, ఆ అంకెకూ చేలో కనిపించేదానికీ పొంతన లేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాం. జవాబుల్లో మళ్లీ మళ్లీ వచ్చే రెండు మాటలు ముందే చెప్పుకుందాం. నీటి ఎద్దడి లేకుండా, నేలను పూర్తిగా కప్పి, 12 సెంటీమీటర్ల ఎత్తున ఒకే తీరుగా పెరిగిన పచ్చిక ఒక రోజులో వదిలే నీరు ‘రిఫరెన్స్’ బాష్పోత్సేకం. నేల నుంచి ఆవిరయ్యేదీ, ఆకుల నుంచి పోయేదీ రెండూ కలిపే ఈ లెక్క. దీన్ని మన పైరుకు, ఆ పైరు వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తే పైరు నీటి అవసరం వస్తుంది. ఆ గుణకాన్నే ‘కేసీ’ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1998లో తెచ్చిన 56వ నీటిపారుదల పత్రం ఈ పద్ధతిని స్థిరపరిచింది. పైరు నీటి అవసరం లెక్కించే ఎఫ్‌ఏఓ కంప్యూటర్ ప్రోగ్రాం క్రాప్‌వాట్‌తో పాటు చాలా మొబైల్ యాప్‌ల లోపల నడిచేది ఈ లెక్కే.

ప్రశ్న: మొక్కజొన్నకు క్రాప్‌వాట్‌లో రోజుకు 6.2 మిల్లీమీటర్లు అని వచ్చింది. నాది డ్రిప్పు. మోటారు ఎంతసేపు వేయాలి? మిల్లీమీటర్లను గంటల్లోకి మార్చే పద్ధతి ఎక్కడా సరిగ్గా దొరకలేదు.

జవాబు: ముందు మీరు చూసింది ఏ వరుసో నిర్ధారించుకోండి. క్రాప్‌వాట్ ఫలితాలను పది రోజులకొక వరుసగా ఇస్తుంది. అందులో రోజు లెక్క ఒక గడిలో, పది రోజుల మొత్తం పక్క గడిలో ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి చదివి పది రెట్లు తప్పిన ఉత్తరాలూ ఈసారి వచ్చాయి.

చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పోస్తే అది ఒక మిల్లీమీటరు. ఎకరానికి 4,047 లీటర్లు, హెక్టారుకు 10 ఘనమీటర్లు. డ్రిప్పులో గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పడుతున్నాయో తెలియాలంటే, ఒక డ్రిప్పర్ గంటకు ఇచ్చే లీటర్లను ఆ డ్రిప్పర్ వాటాకు వచ్చే నేలతో భాగించాలి. లేటరల్ పైపుల (డ్రిప్పర్లు ఉండే సన్న పైపుల) మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 0.4 మీటరు ఉందనుకోండి. వాటా 0.48 చదరపు మీటరు. డ్రిప్పర్ గంటకు 2 లీటర్లు ఇస్తే 2 ÷ 0.48 = గంటకు 4.17 మిల్లీమీటర్లు. డ్రిప్పు సామర్థ్యం 90 శాతం అనుకుంటే పంపాల్సింది 6.2 ÷ 0.9 = 6.9 మిల్లీమీటర్లు. 6.9ని 4.17తో భాగిస్తే గంటా నలభై నిమిషాలు.

ఇక్కడితో ఆగితే తప్పే. ఆ 2 లీటర్లు పెట్టె మీద రాసి ఉన్న అంకె. మీ చేలో ఎంత పడుతోందో కొలవండి. చుక్కలు సరిగ్గా కప్పులో పడేలా డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి కప్పు పెట్టి, ఆరు నిమిషాలు పట్టండి. ఆరు నిమిషాలంటే గంటలో పదోవంతు. కాబట్టి 200 మిల్లీలీటర్లు పడితే గంటకు 2 లీటర్లు, 160 పడితే 1.6 లీటర్లు. ఇలా నాలుగు లేటరళ్ల మీద, ఒక్కోదానికి మొదట్లో, మూడోవంతు దూరంలో, మూడింట రెండొంతుల దూరంలో, చివర్లో, మొత్తం 16 చోట్ల కొలవాలి. సగటు 1.6 వస్తే గంటకు పడేది 3.33 మిల్లీమీటర్లే. అప్పుడు మోటారు రెండు గంటల ఐదు నిమిషాలు నడవాలి. గంటా నలభై నిమిషాలకే ఆపేస్తే రోజూ దాదాపు ఐదోవంతు తక్కువ ఇస్తున్నట్టు. పది రోజుల్లో ఆ లోటు పన్నెండు మిల్లీమీటర్లు దాటుతుంది. తేలిక నేలలో అంత లోటు ఆకుల్లో కనిపిస్తుంది.

ఆ 16 అంకెల్లో అతి తక్కువగా వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.9 పైన ఉంటే నీరు సమంగా పడుతోంది. 0.8 కంటే తక్కువ ఉంటే గంటలు పెంచడం పరిష్కారం కాదు. ముందు ఫిల్టరు కడగండి, లేటరళ్ల చివరి మూతలు తీసి నీరు తేటగా వచ్చేదాకా వదలండి, పీడనం చూడండి. అవి చేయకుండా గంటలు పెంచితే మొదట్లో మొక్కలకు నీరు ఎక్కువై ఎరువు వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది, చివర్లో మొక్కలు వాడుతూనే ఉంటాయి.

ఇంకొక పొరపాటు కూడా సాధారణం. డ్రిప్పులో నేల మూడోవంతే తడుస్తుంది కదా అని 6.2ని మళ్లీ మూడోవంతు చేస్తారు. అలా చేయొద్దు. ఆకులు చేనంతా కమ్ముకున్నాక ఆ 6.2లో దాదాపు అంతా మొక్క తాగేదే. నేల ఎంత తడిసిందన్నదాన్ని బట్టి మొక్క దాహం మారదు.

బోదెల్లో పారించేవారికి ఇదే లెక్క మరో రూపంలో. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 ఘనమీటర్లు. ఎకరాకు 40 మిల్లీమీటర్లు కావాలంటే 162 ఘనమీటర్లు. బోదెల సామర్థ్యం 60 శాతమే అనుకుంటే 270 ఘనమీటర్లు పంపాలి. అంటే 15 గంటలు. బోరులో నీటిమట్టం దిగేకొద్దీ ధార తగ్గుతుంది కాబట్టి డ్రమ్ము పరీక్ష ఒకసారి మోటారు వేసిన అరగంటకు, ఇంకొకసారి కట్టేసే ముందు చేసి సగటు తీసుకోండి.

ప్రశ్న: ఒకే ఊరికి, ఒకే వారానికి రెండు చోట్ల నుంచి వాతావరణ వివరాలు తీసుకున్నాను. ఒకదానితో రిఫరెన్స్ అంకె 5.1, మరోదానితో 6.8 వచ్చింది. ఏది నమ్మాలి?

జవాబు: ఇంత తేడా వస్తే మొదట గాలి వేగం దగ్గర వెతకండి. రిఫరెన్స్ అంకెను లెక్కకట్టే పెన్మన్-మాంటీత్ సూత్రానికి నేల నుంచి 2 మీటర్ల ఎత్తులోని గాలి కావాలి. చాలా వాతావరణ కేంద్రాలు 10 మీటర్ల ఎత్తులో కొలుస్తాయి. పైకి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది. 10 మీటర్ల అంకెను 0.748తో హెచ్చిస్తే 2 మీటర్ల అంకె వస్తుంది. సెకనుకు 3 మీటర్లు ఉన్నది 2.24 అవుతుంది. మార్చకుండా పెడితే, ముఖ్యంగా పొడిగాలి వీచే రోజుల్లో, అవసరం పెరిగినట్టు కనిపిస్తుంది.

రెండోది యూనిట్లు. క్రాప్‌వాట్‌లో గాలిని రోజుకు కిలోమీటర్లలోనూ, సెకనుకు మీటర్లలోనూ ఇవ్వవచ్చు. సెకనుకు 2 మీటర్లంటే రోజుకు 172.8 కిలోమీటర్లు. కిలోమీటర్ల గడిలో 2 అని కొడితే గాలే లేని ప్రదేశం అయిపోతుంది, అంకె బాగా పడిపోతుంది. తేమ గడి కూడా అలాంటిదే. అక్కడ సగటు తేమ శాతం ఇస్తున్నారా, ఆవిరి పీడనం ఇస్తున్నారా చూసుకోండి.

మూడోది, కేంద్రం ఎక్కడ ఉంది? డాబా మీద, ఎండిన బంజరులో, సిమెంటు గచ్చు పక్కన పెట్టిన పరికరం పచ్చని చేను కంటే వేడిగా, పొడిగా కొలుస్తుంది. నాసా పవర్ లాంటి వెబ్‌సైట్లలో దొరికే వివరాలు ఉపగ్రహాల నుంచి, వాతావరణ మోడళ్ల నుంచి వస్తాయి. ఉష్ణోగ్రత, గాలి లాంటివి సుమారు 50 కిలోమీటర్ల గడికి సగటు. సూర్యరశ్మికి అవి బాగానే పనికొస్తాయి. గాలికి, తేమకు, కొండల దగ్గర ఉష్ణోగ్రతకు మాత్రం దగ్గరి కేంద్రంతో సరిచూడకుండా వాడొద్దు.

గాలి, తేమ రెండూ నమ్మదగినవి లేకపోతే హార్‌గ్రీవ్స్ సూత్రానికి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చాలు. 0.0023 × (సగటు ఉష్ణోగ్రత + 17.8) × (గరిష్ఠం – కనిష్ఠం)కు వర్గమూలం × వాతావరణం పై అంచున పడే సౌరశక్తి. ఆ చివరిది అక్షాంశాన్ని, తేదీని బట్టి పట్టికలో దొరుకుతుంది. చదరపు మీటరుకు మెగాజౌళ్లలో ఉంటే 0.408తో హెచ్చించి మిల్లీమీటర్లు చేయాలి. గరిష్ఠం 36, కనిష్ఠం 24, సౌరశక్తి 38.5 మెగాజౌళ్లు అనుకుంటే: 0.0023 × 47.8 × 3.464 × 15.7 = 5.98. అంటే రోజుకు 6 మిల్లీమీటర్లు. దీన్ని ఒక్క రోజుకు నమ్మకండి. ఐదు నుంచి పది రోజుల సగటుకు వాడండి. మీ రెండు అంకెల్లో ఏది దీనికి దగ్గరగా ఉందో చూస్తే, రెండోదాంట్లో తప్పు ఎక్కడుందో వెతకడం సులువవుతుంది.

స్థూలంగా, ఉష్ణమండలంలో తేమగా ఉండే వెచ్చని చోట్ల రిఫరెన్స్ అంకె రోజుకు 5–7, పొడిగా ఉండే వెచ్చని చోట్ల 6–8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ అంకె 12 అనో 1.5 అనో వస్తే తప్పు వాతావరణంలో కాదు, టైపింగులో ఉన్నట్టు.

ప్రశ్న: వేరుశనగకు 13 రోజులకొక తడి చాలని మోడల్ చెప్పింది. ఆరో రోజుకే పొద్దున్నే ఆకులు ముడుచుకుంటున్నాయి. మోడల్ తప్పా?

జవాబు: మధ్యాహ్నం ఎండకు ఆకులు ముడుచుకోవడం వేరు, పొద్దున్నే ముడుచుకుని ఉండడం వేరు. మీరు చెబుతున్నది నిజమైన ఎద్దడి. మోడల్ లెక్క తప్పి ఉండదు. దానికి ఇచ్చిన నేల మీ నేల కాదు.

తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులన్నది మూడు అంకెలతో తేలుతుంది. మీటరు లోతు మట్టిలో మొక్కకు అందే నీరు ఎంత, వేళ్లు ఎంత లోతు ఉన్నాయి, అందులో ఎంత వంతు ఖర్చయ్యేదాకా మొక్క ఇబ్బంది పడదు. 13 రోజులు రావాలంటే మీరు మీటరుకు 180 మిల్లీమీటర్లు పట్టే లోమ్ నేల (ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసినది), 80 సెంటీమీటర్ల వేరు ఎంచుకుని ఉంటారు. 180 × 0.8 = 144. వేరుశనగకు సగం వరకు ఖర్చు పెట్టవచ్చు కాబట్టి 72 మిల్లీమీటర్లు. రోజుకు 5.5 చొప్పున 13 రోజులు.

ఇప్పుడు పార తీసుకుని మొక్క పక్కన గుంట తవ్వండి. మొక్కకు ఒక జానెడు దూరంలో, నిట్టనిలువు గోడ వచ్చేలా. గోడ మీద నీళ్లు చిలకరించి, మేకుతో మట్టిని మెల్లగా గీకితే తెల్లటి సన్న వేళ్లు బయటపడతాయి. అవి ఎక్కడ పలచబడ్డాయో టేపుతో కొలవండి. చాలా చేలల్లో 35–40 సెంటీమీటర్ల దగ్గర వేళ్లు ఉన్నట్టుండి పక్కకు తిరుగుతాయి. అక్కడ మేకు దిగదు. ఏళ్ల తరబడి ఒకే లోతులో దున్నగా గట్టిపడిన పొర అది. మీ చేలో వేరు 40 సెంటీమీటర్లే అయి, మట్టి ఇసుక పాలు ఎక్కువగా ఉండి మీటరుకు 120 మిల్లీమీటర్లే పడితే లెక్క ఇలా మారుతుంది: 120 × 0.4 = 48, అందులో సగం 24, రోజుకు 5.5 చొప్పున నాలుగు రోజులు. నాలుగు రోజులు దాటగానే మొదలైన ఎద్దడే మీకు ఆరో రోజున ఆకుల్లో కనిపించింది.

మట్టిలో గులకరాళ్లుంటే ఇంకా తగ్గించాలి. గుంటలోంచి తీసిన మట్టిని జల్లించి, ఘనపరిమాణంలో 30 శాతం రాళ్లుంటే నీటి నిల్వను కూడా 30 శాతం తగ్గించండి.

ఆ ‘సగం’ కూడా స్థిరమైనది కాదు. రోజువారీ అవసరం 5 మిల్లీమీటర్లు ఉన్నప్పటి అంకె అది. 5ను దాటిన ప్రతి మిల్లీమీటరుకు 0.04 తీసేయాలి. వడగాలి రోజుల్లో అవసరం 8కి చేరితే 0.5 కాస్తా 0.38 అవుతుంది. మీ 48లో వాడుకోదగింది 18 మిల్లీమీటర్లే. అంటే రెండు రోజులు దాటగానే తడి ఇవ్వాలి. ఊడలు దిగే దశలో దీన్ని అసలు ఉపేక్షించకండి. పైమట్టి ఎండి గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. అప్పుడు కింద ఎంత పదును ఉన్నా కాయ కట్టదు. వేరు మండలంలో మొత్తం నీటిని లెక్కించే మోడల్‌కు పై ఐదు సెంటీమీటర్ల గట్టిదనం కనిపించదు.

ప్రశ్న: కేసీ విలువలు పట్టిక నుంచి అలాగే తీసుకోవచ్చా? విత్తిన తేదీ ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పట్టిక విలువల కంటే దశల పొడవు దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. గింజ మొక్కజొన్నకు 125 రోజుల నమూనాలో మొదటి దశ 20 రోజులు, ఎదుగుదల 35, నడిమి దశ 40, చివరి దశ 30. కేసీ మొదట్లో 0.3, నడుమ 1.2, కోతనాటికి పొలంలోనే ఎండబెట్టే పంటకు 0.35. మీ రకం 100 రోజుల్లో వచ్చేదైతే ఈ నమూనా ప్రకారం 55వ రోజుకు గానీ నడిమి దశ మొదలవదు. చేలో మాత్రం జల్లు (మగ పూత) అప్పటికే వేసేసి ఉంటుంది. నీరు అత్యవసరమైన వారంలో మోడల్ తక్కువ నీరు చెబుతుంది.

అందుకే రోజులు కాదు, చేను చూసి దశ మార్చండి. మిట్టమధ్యాహ్నం సాళ్ల మధ్య నిలబడి కిందికి చూడండి. పదో వంతు నేల నీడలో ఉంటే మొదటి దశ అయిపోయినట్టు. నేల దాదాపు అంతా నీడ పట్టితే, లేదా పూత మొదలైతే, నడిమి దశ వచ్చినట్టు. కింది ఆకులు పసుపెక్కడం చివరి దశకు గుర్తు. ఆ తేదీలతో దశల పొడవు మార్చి మోడల్‌ను మళ్లీ నడపండి.

మొదటి దశ కేసీ మొక్కది కాదు, తడి నేలది. రెండు రోజులకోసారి నేలంతా తడిపితే అది 0.3 దగ్గర ఆగదు, 1 దాకా కూడా వెళ్లవచ్చు. వారానికోసారి తడిపితే బాగా తగ్గుతుంది. ప్లాస్టిక్ మల్చింగు వేసినచోట నేల నుంచి ఆవిరి సగానికి పైగా తగ్గి, సీజను మొత్తం మీద కేసీ 10 నుంచి 30 శాతం తగ్గుతుంది. నడిమి దశ విలువకు గాలి, తేమ దిద్దుబాటు కూడా ఉంది. పట్టిక అంకెలు సెకనుకు 2 మీటర్ల గాలికి, 45 శాతం కనిష్ఠ తేమకు రాసినవి. గాలి 4, తేమ 25 శాతం ఉన్న చోట రెండు మీటర్ల ఎత్తు మొక్కజొన్నకు 1.2 బదులు 1.34 వాడాలి.

ప్రశ్న: ఒక్క రాత్రి 60 మిల్లీమీటర్ల వాన పడింది. యాప్ అందులో దాదాపు అంతా ‘ఉపయోగపడే వర్షం’గా కలిపేసి తొమ్మిది రోజులు నీరు వద్దంది. టమాటా ఆరో రోజుకే వాడింది.

జవాబు: చాలా యాప్‌లు వాడే ఆ సూత్రం నెల మొత్తం వర్షానికి రాసింది, ఒక రాత్రి వానకు కాదు. నెలకు 250 మిల్లీమీటర్ల లోపు వర్షానికి: వర్షం × (125 – 0.2 × వర్షం) ÷ 125. నెలకు 100 పడితే 84, 200 పడితే 136. నెల మొత్తానికి ఎంత నీరు కావాలో ప్రణాళిక వేసుకోవడానికి అది బాగుంటుంది. రేపు మోటారు వేయాలా వద్దా అన్నది తేల్చడానికి పనికిరాదు.

వేరు మండలంలో ఖాళీ ఎంత ఉందో అంతే వాన నిలుస్తుంది. ముందురోజు ఆ ఖాళీ, అంటే లోటు, 18 మిల్లీమీటర్లు ఉంటే 60 వానలో నేల పట్టేది ఆ 18. మిగతాది గట్టు దాటి పోతుంది, లేదా వేళ్ల కిందికి దిగిపోతుంది. వాన ఆగాక లోటు సున్నా అని రాసుకుని, అక్కడి నుంచి రోజువారీ లెక్క మొదలుపెట్టండి. రిఫరెన్స్ అంకెలో ఐదోవంతు కంటే తక్కువ పడే చినుకుల్ని అసలు లెక్కలోకి తీసుకోకండి. అవి ఆకుల మీదే ఆరిపోతాయి. వాన కొలిచే పాత్ర మీ చేలోనే ఉండాలి. రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని కేంద్రంలో పడిన వాన మీ చేలో పడకపోవచ్చు.

ప్రశ్న: క్రాప్‌వాట్ లేకుండా మామూలు స్ప్రెడ్‌షీట్‌లో ఈ లెక్క నడపొచ్చా?

జవాబు: నడపొచ్చు. నిజానికి మొదటి సీజను అలా నడపమనే మా సలహా. ఏ అంకె ఎందుకు మారుతుందో చేతికి అలవాటవుతుంది. నిలువు గడులు ఆరు చాలు: తేదీ, రిఫరెన్స్ అంకె, కేసీ, వాన, ఇచ్చిన తడి, లోటు. ఈనాటి లోటు = నిన్నటి లోటు + (రిఫరెన్స్ × కేసీ) – వాన – తడి. సున్నా కంటే తగ్గితే సున్నా అనే రాయాలి. మిగులు నీరు కిందికి పోయినట్టే లెక్క.

బోదెల్లో పండే టమాటా తీసుకుందాం. వేరు అర మీటరు, మట్టి మీటరుకు 150 మిల్లీమీటర్లు పడుతుంది. మొత్తం 75. టమాటా 0.4 వంతు వరకు ఓర్చుకుంటుంది, కాబట్టి హద్దు 30. బాగా తడి ఇచ్చి లోటు సున్నా చేసిన మర్నాటి నుంచి రోజువారీ అవసరం 5.0, 5.4, 5.8, 6.1 అయితే లోటు 5.0, 10.4, 16.2, 22.3గా పెరుగుతుంది. ఐదో రోజు మబ్బు పట్టి అవసరం 4.2, వాన 8. లోటు 18.5కి దిగుతుంది. ఆరో రోజు 5.6 కలిసి 24.1. ఏడో రోజు 5.9 కలిసి సరిగ్గా 30. హద్దు తాకేదాకా ఆగకండి. ఏడో రోజు పొద్దున్నే తడి మొదలుపెట్టాలి. మీ చేను చివరి బోదెకు నీరు చేరడానికి రెండు రోజులు పడితే, ఇంకొక రోజు ముందే మొదలుపెట్టాలి. ఈ ఆలస్యాన్ని ఏ మోడలూ తనంతట తాను లెక్కపెట్టదు.

తడి గడిలో రాయాల్సింది మోటారు పంపిన నీరు కాదు, వేరు మండలంలో నిలిచినది. 50 పంపితే 60 శాతం చొప్పున 30 అని రాయాలి. ఇక్కడ 50 రాసేసి, ‘లెక్కలో లోటే లేదు కానీ చేను ఎండుతోంది’ అని రాసినవారు ఈ నెలలోనే ముగ్గురున్నారు.

ప్రశ్న: వరికి ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: కొంతవరకే. వరిలో నారుమడి, దమ్ము, ఇంకుడు మూడూ విడిగా లెక్కించాలి. క్రాప్‌వాట్‌లో వరికి ప్రత్యేక మాడ్యూల్ ఉన్నది అందుకే. అందులో అసలు తేడా తెచ్చేది ఇంకుడు. గట్టి బంకమట్టిలో రోజుకు 1–2 మిల్లీమీటర్లే ఇంకితే, తేలిక నేలల్లో పదికి పైగా పోవచ్చు. మడిలో కర్ర పాతి, గట్టు గండ్లన్నీ మూసి, రాత్రి ఆరు నుంచి పొద్దున ఆరు దాకా మట్టం ఎంత దిగిందో కొలవండి. రాత్రి ఆవిరి చాలా తక్కువ కాబట్టి ఆ దిగుడు దాదాపు అంతా ఇంకుడే. రెండింతలు చేస్తే రోజు అంకె.

మడిని తడుపుతూ, ఆరనిస్తూ పండించే ఆరుతడి పద్ధతికైతే మోడల్ కంటే గొట్టమే నమ్మకం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇరి ప్రచారం చేసిన 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది సగం చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగాన్ని మట్టిలో దించి లోపలి మట్టి తీసేయాలి. లోపల నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ నీరు పెట్టాలి. పూత సమయంలో మాత్రం మడి ఆరనివ్వకండి.

ప్రశ్న: నీరు ఎలాగూ చాలదు. ఏ దశలో తగ్గిస్తే నష్టం తక్కువో మోడల్ చెబుతుందా? ఆక్వాక్రాప్ వాడాలా?

జవాబు: చెబుతుంది. క్రాప్‌వాట్‌లో దిగుబడి స్పందన గుణకం ఉంది. నీటి వాడకం ఎంత శాతం తగ్గిందో దాన్ని ఈ గుణకంతో హెచ్చిస్తే దిగుబడి ఎంత శాతం తగ్గుతుందో వస్తుంది. మొక్కజొన్నకు సీజను మొత్తానికి అది 1.25. అంటే నీరు 20 శాతం తగ్గితే దిగుబడి 25 శాతం తగ్గుతుంది. జల్లు, పీచు వేసే దశలో ఆ గుణకం 1.5. కొరత ఉంటే మోకాలెత్తు దశలో ఒక తడి దాటవేయండి గానీ, పీచు వేసేటప్పుడు దాటవేయొద్దు.

ఎఫ్‌ఏఓ 2009లో తెచ్చిన ఆక్వాక్రాప్ ఇంకా లోతుగా వెళుతుంది. ఆకు కప్పును రోజూ పెంచుతూ, నేల ఆవిరిని మొక్క తాగినదాని నుంచి విడదీసి, దిగుబడి దాకా లెక్కిస్తుంది. కొరత ప్రణాళికకు అదే మేలు. రేపటి తడికి మాత్రం స్ప్రెడ్‌షీట్ చాలు.

ప్రశ్న: మా బోరు నీరు కాస్త ఉప్పన. లెక్కలో ఏదైనా కలపాలా?

జవాబు: కలపాలి. నీటి ఈసీని (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకు డెసిసీమెన్లలో), మీ పైరు తట్టుకునే మట్టి ఈసీని తీసుకోండి. నీటి ఈసీ ÷ (5 × మట్టి ఈసీ – నీటి ఈసీ). మొక్కజొన్న తట్టుకునేది 1.7, నీరు 1.1 అయితే 1.1 ÷ 7.4 = 0.15. ఉప్పును వేళ్ల కిందికి కడగడానికి ఇంత వంతు అదనం. రోజుకు 6 మిల్లీమీటర్లు కావాల్సిన చోట 6 ÷ 0.85 = 7.06 పంపాలి. కిందికి నీరు దిగే దారి లేని నేలలో ఇది చేస్తే ఉప్పు కడుక్కుపోదు, పైకే తేలుతుంది. అక్కడ ముందు మురుగు కాలువ కావాలి.

ప్రశ్న: నేల తేమ కొలిచే సెన్సర్ ఒకటి చెబుతోంది, మోడల్ ఇంకొకటి చెబుతోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండింటినీ మట్టితో సరిచూడండి. సెన్సర్ చుట్టూ గాలి సందు ఉంటే అది ఎప్పుడూ పొడిగానే చూపిస్తుంది. డ్రిప్పర్ సరిగ్గా కిందే ఉంటే ఎప్పుడూ తడిగానే చూపిస్తుంది. డ్రిప్పర్‌కు 10–15 సెంటీమీటర్ల పక్కన, వేరు లోతులో మూడోవంతు దగ్గర ఒకటి, మూడింట రెండొంతుల దగ్గర ఒకటి ఉండాలి. నల్లరేగడిలో నెర్రె సెన్సర్ పక్కగా విచ్చుకుంటే తీసి వేరే చోట పెట్టాల్సిందే.

వారం పది రోజులకోసారి, తడి ఇవ్వబోయే ముందు, వేరు లోతు దాకా ఆగరుతో (మట్టి తీసే బర్మాతో) మట్టి తీయండి. నాలుగైదు చోట్లవి కలపండి. డబ్బాలో మూత గట్టిగా పెట్టి వెంటనే తూచండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఎండబెట్టి మళ్లీ తూచండి. డబ్బా బరువు తీసేశాక తడి మట్టి 118 గ్రాములు, ఎండాక 100 అయితే తేమ బరువులో 18 శాతం. మట్టి సాంద్రత 1.4 అయితే ఘనపరిమాణంలో 25.2 శాతం. సాంద్రతను అంచనా వేయకండి. కొలత తెలిసిన ఇనుప రింగును మట్టిలోకి దించి, నిండా తీసి, ఎండబెట్టి ఒకసారి తూచుకుంటే చాలు. మీ నేల తడి ఇచ్చి అదనపు నీరు దిగిపోయాక పట్టి ఉంచేది 28 శాతం అనుకుంటే, లోటు 2.8 శాతం. అర మీటరు వేరు లోతుకు 14 మిల్లీమీటర్లు.

మీ స్ప్రెడ్‌షీట్‌లో ఆ రోజు 26 అని ఉంటే దాన్ని కొట్టేసి 14 రాయండి, లెక్క అక్కడి నుంచి నడపండి. వరుసగా మూడు శాంపిళ్లలోనూ మోడలే ఎక్కువ లోటు చూపిస్తే కేసీ 0.1 తగ్గించి చూడండి. రాయడం మరిచిన వాన ఉందేమో, భూగర్భ జలం పైకి ఎక్కుతోందేమో కూడా చూడండి. మూడుసార్లూ మట్టే ఎక్కువ పొడిగా ఉంటే కేసీ జోలికి పోకండి. ముందు ఆ 16 డ్రిప్పర్లను, లేదా బోదె చివరి దాకా నీరు చేరుతోందో లేదో చూడండి. తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తుంటే మోడల్‌లో ఏమీ మార్చొద్దు. శాంపిల్ తీసే చోట్లను నాలుగు నుంచి పదికి పెంచండి.